దానిమ్మ రసంతో సోలార్ సెల్ చేయాలంటే ముందు తెల్ల పూత సంగతి చూసుకోండి

దానిమ్మ రసం పూస్తే కరెంటు వస్తుందట కదా మామా అంటూ మా అక్క కొడుకు స్కూల్ ప్రాజెక్టు పట్టుకొని వచ్చినప్పుడు నేనూ రసం గురించే ఆలోచించాను. ఏ పండు, ఎంత ఎరుపు, ఎన్ని కాయలు అని. మూడు వారాలు పోయి, పదకొండు గాజు ముక్కలు పాడైన తర్వాత అర్థమైంది, ఈ మొత్తం పనిలో రసమే అన్నిటికన్నా సులువు. అనంతపురంలో దానిమ్మకు కరువేముంది, పగిలిన కాయలైతే మార్కెట్లో సగం ధరకే ఇస్తారు. దొరకనివి వేరే ఉన్నాయి: సరైన తెల్ల పొడి, సరైన గాజు, ఆ పొడిని గాజు మీద 450 డిగ్రీల దాకా కాల్చే చోటు. కాబట్టి ఇందులో సగం వాటి గురించే చెబుతాను, రంగు కోసం వచ్చినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

ముందే చెప్పేస్తున్నా, దీంతో ఫ్యాన్ తిరగదు, ఫోన్ చార్జ్ కాదు. అగ్గిపెట్టెకన్నా చిన్న సెల్ ఒకటి మంచి ఎండలో అర వోల్టు లోపు, ఒకటి రెండు మిల్లీ యాంపులు ఇస్తే మీరు బాగా చేసినట్టే. లెక్క వేయండి, ఒక్కోటి ఒక మిల్లీవాట్ అనుకున్నా 5 వాట్ల ఫోన్ చార్జర్‌కి ఐదు వేల సెల్లులు కావాలి. కర్నూలు పక్కన గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కులో పరుచుకొని ఉన్న పలకలతో దీన్ని పోల్చకండి, అవి వేరే జాతి, వాటిలో రంగుకు పనేమీ లేదు.

మరి ఇదెలా పని చేస్తుందంటే, వెలుగు పడగానే రంగు అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరి పక్కనే ఉన్న టైటానియం డయాక్సైడ్ (ముందు చెప్పిన తెల్ల పొడి ఇదే) రేణువులోకి దూకుతుంది. అక్కడి నుంచి గాజు మీది పూతలోకి, తీగలోకి, మీటర్ గుండా తిరిగి రెండో గాజుకు వస్తుంది. ఈ లోపల ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రంగుకు అయోడిన్ ద్రవం ఒకటి ఇచ్చి సరిచేస్తుంది, తను ఖర్చు చేసినదాన్ని రెండో గాజు దగ్గర వసూలు చేసుకుంటుంది. అంతే, చక్రం. 1991లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో మైకేల్ గ్రెట్జెల్, బ్రయాన్ ఓరెగన్ దీన్ని చేసి చూపించారు, రుథేనియం అనే లోహం కలిసిన రంగుతో 7 శాతం పైన సామర్థ్యం సాధించారు. 2014 నాటికి ల్యాబుల్లో ఇది 13 శాతం దాకా వెళ్లింది. పండ్ల రసాలతో మాత్రం ఒక శాతం రావడమే గగనం. అయినా రుథేనియం మనకెవడు ఇస్తాడు.

వాళ్ల అసలు తెలివి రంగులో లేదు, పూతలో ఉంది. నున్నటి పలక మీద ఒక్క వరస రంగు అణువులు కూర్చుంటే అవి పట్టే వెలుతురు లెక్కలోకి రాదు. అదే 20 నానోమీటర్ల రేణువులు ఒకదానికొకటి అతుక్కున్న స్పాంజి లాంటి పూత అయితే, పైకి ఒక చదరపు సెంటీమీటరు కనిపించినా లోపల దాదాపు వెయ్యి రెట్ల చోటు ఉంటుంది, రంగు అంతటా కూర్చుంటుంది. ఆ స్పాంజి సరిగ్గా రాలేదా, మీరు ఎంత చిక్కటి రసం పోసినా దండగే.

తెచ్చుకోవాల్సినవి

గాజు నుంచి మొదలుపెడదాం. ఒకవైపు కరెంటు పారే పారదర్శకమైన పూత ఉన్న గాజు కావాలి, దాన్ని ఎఫ్‌టీఓ గాజు అంటారు, ల్యాబ్ సామాన్లు అమ్మే చోట, ఆన్‌లైన్‌లో 2.5 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా దొరుకుతుంది. ఒక సెల్‌కు రెండు ముక్కలు. ఐటీఓ అనే ఇంకో రకం ఉంది, చూడ్డానికి రెండూ ఒకటే, నాకు మొదటిసారి అదే అంటగట్టారు. ఐటీఓని బాగా కాలిస్తే పూత కరెంటు పారనివ్వడం తగ్గిపోతుంది, మన పనిలో కాల్చకుండా కుదరదు, కాబట్టి కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

పొడి: టైటానియం డయాక్సైడ్, నానో రకం. పి25 అని అడిగితే సరిపోతుంది. నేను తెలివి ఎక్కువై పెయింట్ షాపులో తెల్ల టైటానియం అని అడిగి పావు కిలో తెచ్చాను. అది రూటైల్ రకం, రేణువులు పది రెట్లు పెద్దవి, పైగా పెయింటు ఎండకు పాడవకుండా వాటి చుట్టూ ఇంకో పొర వేసి ఉంటారు. పూత అందంగా వచ్చింది, రంగు అస్సలు పట్టలేదు. ఆ పొడి ఇంకా అటక మీదే ఉంది.

మిగతావి ఊళ్లోనే దొరుకుతాయి. కిరాణా కొట్లో తెల్ల వెనిగర్. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. పింగాణీ కల్వం. పారదర్శకమైన టేపు. 6బి పెన్సిల్ గానీ కొవ్వొత్తి గానీ. నల్ల బైండర్ క్లిప్పులు రెండు. మల్టీమీటర్, క్రొకడైల్ క్లిప్పుల తీగలు. కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు బోర్డులు తుడవడానికి వాడేది అదే, ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్ జెల్ తెచ్చుకోకండి, అందులోని జిగురు రంధ్రాల్లో కూర్చుంటుంది.

నీళ్లు మాత్రం బోరు నీళ్లు వద్దు. మన బోరు నీళ్ల గురించి మీకు నేను చెప్పాలా, బకెట్ అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, అదే ఉప్పు పూతలోనూ పేరుకుంటుంది, పైగా ఆ నీళ్లకు దానిమ్మ ఎరుపు కాస్తా మట్టి రంగులోకి దిగిపోతుంది. ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో బ్యాటరీ వాటర్ సీసా ఒకటి తెచ్చుకోండి, పని మొత్తం దాంతోనే.

ముద్ద నూరడం, పూయడం

ముక్కుకు మాస్క్ కట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి. ఈ పొడి గాలికి లేస్తే కంటికి కనిపించదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

3 గ్రాముల పొడి కల్వంలో వేసి, వెనిగర్ అర మిల్లీలీటరు చొప్పున వేస్తూ నూరండి. మొత్తం నాలుగున్నర నుంచి ఐదు మిల్లీలీటర్లు పడుతుంది. ఒకేసారి పోసేస్తే ఉండలు కట్టి ఇక విడిపోవు. ప్రతిసారీ నునుపుగా అయ్యాకే తర్వాతి విడత. అరగంట పడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, పుట్టాలి. చివరికి దోసెపిండి కన్నా కాస్త పలచగా, గరిటె జారుగా రావాలి. అప్పుడు గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క వేసి మెల్లగా కలపండి, నురగ రాకూడదు. పదిహేను నిమిషాలు మూత పెట్టి వదిలేయండి.

ఈలోగా గాజు ముక్కల్ని ఐపీఏతో తుడిచి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, రెండు తీగల కొనలూ గాజుకు ఒకే వైపు ముట్టించి, అలా ఒక్కో వైపూ చూడండి. పూత ఉన్న వైపు పదుల ఓమ్స్ చూపిస్తుంది, రెండో వైపు ఏమీ చూపించదు. నవ్వకండి, పనిచేయని సెల్లుల్లో చాలావాటికి కారణం గాజు తిరగేసి పూయడమే, నేనే రెండు చేశాను. తెలిసిన వెంటనే వెనకవైపు మూలలో గోరంత గీత గీసి పెట్టుకోండి.

పూత ఉన్న వైపు పైకి పెట్టి మూడు అంచులకు టేపు అంటించండి, అర సెంటీమీటరు చొప్పున. టేపు మందమే మీ పూత మందం, సుమారు 50 మైక్రాన్లు, ఆరి కాలాక అది పది మైక్రాన్ల దగ్గరికి వస్తుంది, మనకు కావలసిందీ అంతే. పైఅంచున ముద్ద రెండు మూడు చుక్కలు పెట్టి గాజు కడ్డీతో ఒక్క లాగు లాగండి. తక్కువైతే ఇంకోసారి వెనక్కి. అంతకు మించి రుద్దితే చారలు పడతాయి, అలా పడితే తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి, సిగ్గేం లేదు. ఆరనిచ్చి టేపు తీసేయండి. ఎండాకాలం మన దగ్గర రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, అంత తొందరగా ఆరితే బీటలు వారుతుంది, పైన గిన్నె బోర్లించి మెల్లగా ఆరబెట్టండి. చెరువు మట్టి పలుకులు లేచినట్టు కనిపించిందంటే పూత మందంగా పడిందన్నమాట.

కాల్చడం

ఇక్కడే అందరూ ఆగిపోతారు. 450 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితేనే రేణువులు ఒకదానికొకటి, గాజుకు అతుక్కుంటాయి. వంట ఓవెన్ 250 దాటదు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో మఫుల్ ఫర్నేస్ ఉంటుంది, తెలిసిన లెక్చరర్ ఉంటే అదే మేలు. లేదంటే పళ్ల సెట్లు కట్టే డెంటల్ ల్యాబును అడగండి, వాళ్ల దగ్గర అంతకన్నా ఎక్కువ వేడెక్కే చిన్న కొలిమి ఉంటుంది, నాకు చివరికి పని జరిగింది అక్కడే, ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు, కరెంటు వస్తే వచ్చి చూపించమన్నాడు.

రెండూ కుదరకపోతే గ్యాస్ స్టవ్ మీద మందపాటి ఇనుప పెనం. నాన్‌స్టిక్ పెనం జోలికి పోవద్దు, ఆ వేడికి దాని పూత విషపు పొగ వదులుతుంది. గాజును చల్లటి పెనం మీదే పెట్టి మెల్లగా మంట పెంచండి, కిటికీలు తెరిచి ఉంచండి, పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. థర్మామీటర్ లేకపోయినా పూతే చెబుతుంది: తెల్లగా ఉన్నది కాసేపటికి కాఫీ రంగుకు తిరుగుతుంది, అది సబ్బు, వెనిగర్ మిగుళ్లు కాలడం. ఇంకా వేడెక్కితే మళ్లీ తెల్లబడుతుంది. తెల్లబడ్డాక ఇంకో పది పదిహేను నిమిషాలు ఉంచి మంట ఆపేయండి. 550 డిగ్రీలు దాటితే గాజే వంగడం మొదలుపెడుతుంది, కాబట్టి పెనం ఎర్రబడేదాకా వెళ్లకండి.

ఆపాక ముట్టుకోకండి, గోరువెచ్చగా అయ్యేదాకా పెనం మీదే చల్లారనివ్వండి, గంట పట్టినా సరే. నేను పట్టకారుతో తీసి కడప బండ మీద పెట్టాను, టప్‌మని రెండు ముక్కలైంది. మంచి పూత అది, ఇప్పటికీ బాధే.

రంగు

ఇప్పుడు రండి. గాజు ఇంకా గోరువెచ్చగా ఉండగానే రంగులో ముంచాలి, పూర్తిగా చల్లారితే గాలిలోని తేమ రంధ్రాల్లో చేరుతుంది.

దానిమ్మ: గింజలు గుడ్డలో కట్టి పిండి, ఇంకోసారి కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. వేడి చేయకండి, చక్కెర కలపకండి, చక్కెర కలిపిన ప్యాకెట్ జ్యూస్ అసలే వద్దు. ఒక గిన్నెలో రసం పోసి పూత కిందికి చూసేలా గాజును ముంచి పది నిమిషాలు వదిలేయండి. తీసి వెనకవైపు నుంచి చూడండి, ఎక్కడైనా తెలుపు కనిపిస్తే మళ్లీ ముంచండి.

తీసినప్పుడు ఒకటి గమనించండి. ముంచింది ఎర్రటి రసంలో, పూత మాత్రం ఊదా రంగుకు తిరిగి ఉంటుంది. రంగు టైటానియంని పట్టుకుందనడానికి సాక్ష్యం అదే. దానిమ్మలో ఉండేవి సయానిడిన్, డెల్ఫినిడిన్ అనే రంగులు, వీటి కుటుంబం పేరు ఆంథోసయనిన్లు, వాటి అణువులో పక్కపక్కన రెండు ఆక్సిజన్ చేతులు ఉంటాయి, ఆ రెండూ కలిపి టైటానియంని పట్టుకుంటే అణువు వెలుగును పీల్చే తీరే మారిపోతుంది. స్ట్రాబెర్రీ కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ అందులో ఎక్కువగా ఉండే పెలార్గొనిడిన్‌కు అలా జంట చేతులు లేవు, పట్టు తక్కువ. కలంకారీ పని తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు, పటిక పెట్టని గుడ్డకు మొక్కల వేళ్ల నుంచి తీసిన రంగు వేస్తే ఉతుకులో పోతుంది, పటికలోని అల్యూమినియం ఉంటేనే నిలుస్తుంది. ఇక్కడ తెల్ల పూతే పటిక అనుకోండి.

గోంగూర కాయలు నాకు దానిమ్మ కన్నా బాగా పనిచేశాయి. ఆకు కోసం పెంచేదే, కాయ చుట్టూ ఎర్రగా దళసరి రేకులు వచ్చే రకం. ఆ రేకులు ఎండబెట్టి, గుప్పెడు తీసుకొని, చెయ్యి పెట్టగలిగేదానికన్నా కొంచెం ఎక్కువ వేడి ఉన్న బ్యాటరీ వాటర్‌లో అరగంట నానబెట్టి వడకట్టండి. వాటి పులుపు వల్ల రంగు ఎరుపు చెడకుండా ఉంటుంది. మా జేజి చూసి, పచ్చడి చేసుకునేదాన్ని అద్దానికి పూస్తావేమప్పా అంది, మిగిలిన రేకులు తీసుకెళ్లిపోయింది.

నేరేడు జూన్, జూలైల్లో దొరికితే వదలకండి, తోలులోనే రంగు ఉంటుంది. మందార పర్వాలేదు. శంఖపుష్పం నీలం చూడ్డానికి బ్రహ్మాండం, వెనిగర్ రెండు చుక్కలు వేసి ఊదా రంగుకు తెచ్చి వాడండి. బీట్‌రూట్ రంగు వేరే కుటుంబం, బీటలైన్లు, అదీ పట్టుకుంటుంది కానీ కడిగేటప్పుడు కొంత జారిపోతుంది. నాగజెముడు పండులోనూ ఆ కుటుంబమే, ఇటలీలో సిసిలీ శాస్త్రవేత్తలు దాంతోనే సెల్లులు చేసి చూశారు. ఆకుల పచ్చరంగుతో మొదలుపెట్టకండి, పత్రహరితానికి టైటానియంని పట్టుకునే చేతులు సరిగా లేవు. ఇక పసుపు, పని చేస్తుంది, కానీ పసుపు అంటిన చొక్కాను ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక ఏమవుతుందో మీకు తెలుసు.

రంగు పట్టాక ముందు బ్యాటరీ వాటర్‌తో, తర్వాత ఐపీఏతో మెల్లగా కడిగి, కాగితంతో అద్ది ఆరబెట్టండి. రుద్దకండి.

రెండో గాజు, ద్రవం, కూర్పు

రెండో గాజు సులువు. పూత ఉన్న వైపు 6బి పెన్సిల్‌తో ఖాళీ లేకుండా రుద్దండి, లేదా కాటుక పట్టినట్టు కొవ్వొత్తి మంట మీద అటూ ఇటూ తిప్పుతూ అర నిమిషం మసి పట్టించండి. మసి మేలు, కానీ వేలు తగిలితే పోతుంది. ఒక అంచు మాత్రం దూదితో తుడిచి ఖాళీగా ఉంచండి.

ద్రవానికి: 10 మిల్లీలీటర్ల ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.83 గ్రాముల పొటాషియం అయోడైడ్, 0.13 గ్రాముల అయోడిన్ పలుకులు. కలిసేదాకా కలిపి ముదురు రంగు సీసాలో పెట్టండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టండి. కారు కూలెంట్‌లో ఉండేదీ అదే కదా అని అది పోయకండి, అందులో నీళ్లు, రంగు కలిసి ఉంటాయి. గాయాలకు పూసే బెటాడిన్ కూడా పనికిరాదు. స్కూల్లో పిండిపదార్థం పరీక్షకు వాడే అయోడిన్ ద్రావణంతో కాసేపు మీటర్ కదులుతుంది, అందులో ఉన్నది నీళ్లే కాబట్టి తొందరగా ఆరిపోతుంది, రంగునూ కొంచెం కొంచెం కడిగేస్తుంది.

ఇక రెండు గాజుల పూతలూ ఎదురెదురుగా పెట్టి, రెండు వైపులా అర సెంటీమీటరు గాజు బయటికి ఉండేలా పక్కకు జరిపి, బైండర్ క్లిప్పులు రెండు పెట్టండి. అంచు దగ్గర ద్రవం ఒక్క చుక్క వేసి క్లిప్పు ఒకటి తీసి పెడితే లోపలికి దానంతట అదే పాకుతుంది. బయట ఉన్న అంచుల్ని శుభ్రంగా తుడవండి, అక్కడ తడి ఉంటే షార్ట్.

కొలవడం

రంగు ఉన్న గాజు నెగెటివ్, మసి ఉన్నది పాజిటివ్. వెలుగు రంగు గాజు వైపు నుంచి పడాలి. మీటర్ వోల్టుల్లో 0.3 నుంచి 0.5 మధ్య చూపిస్తే పండగే. తర్వాత మిల్లీ యాంపుల్లో చూడండి, అసలు పరీక్ష అది, వోల్టేజి పాడు సెల్‌కు కూడా ఎంతో కొంత వస్తుంది. చెయ్యి అడ్డం పెడితే పడిపోవాలి, తీస్తే లేవాలి.

రంగు వేయని తెల్ల పూతతో కూడా ఒకటి చేసి పక్కన పెట్టండి. టైటానియం ఒక్కటే ఎండలోని అతినీల కిరణాలతో కొంచెం కరెంటు ఇస్తుంది, ఆ రెంటికీ తేడాయే మీ దానిమ్మ సంపాదన. జడ్జిగా వచ్చిన సార్ మావాడిని అడిగిన మొదటి ప్రశ్న అదే, అదృష్టం కొద్దీ మా దగ్గర తెల్లది ఉంది.

నాలుగు సెల్లులు వరసగా కలిపితే చిన్న క్యాలిక్యులేటర్‌కు సరిపోయే వోల్టేజి వస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీకి 1.8 వోల్టులు కావాలి, ఐదారు కలపండి, చీకటి గదిలో చూడండి, గొప్పగా వెలగదు.

మధ్యాహ్నం రెండు గంటల ఎండలో గంటసేపు పెట్టి ఇంకా పనిచేయాలని ఆశపడకండి. వేడికి ద్రవం అంచుల్లోంచి ఎగిరిపోతుంది, రంగు కూడా తెల్లబడుతుంది. ఉదయం ఎనిమిదింటి ఎండ చాలు. తగ్గిపోతే ద్రవం ఇంకో చుక్క వేస్తే చాలాసార్లు లేస్తుంది.

చచ్చిపోయిన సెల్‌ని పారేయకండి. క్లిప్పులు తీసి, పూత గాజును బ్యాటరీ వాటర్‌తో, ఐపీఏతో అయోడిన్ పోయేలా కడిగి, మళ్లీ ఆ కొలిమిలో పెట్టి కాలిస్తే రంగంతా కాలిపోయి పూత తెల్లగా తిరిగొస్తుంది, ఇంకో రంగు వేసుకోవచ్చు. నా దగ్గర ఒక ముక్క నాలుగు రంగులు చూసింది. ఇప్పుడు ఐదోది నాగజెముడు, మీరు కూడా దానికే వెళ్తుంటే పండును చేత్తో కోయకండి, పట్టకారుతో తెంపి మంట మీద తిప్పి ఆ సన్న ముళ్లు కాల్చేశాకే తోలు తీయండి.